ఫంక్షన్ హాల్‌కు ఫైర్ ఎన్‌ఓసీ

ప్రశ్న: నల్లగొండ దగ్గర మాకు 700 గజాల ప్లాటులో ఫంక్షన్ హాల్ ఉంది. ఒక్క అంతస్తే, ఎత్తు 6 మీటర్లు దాటదు. అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) కావాలా? మంటలార్పే సిలిండర్లు నాలుగు పెట్టాం, చాలవా?

జవాబు: కావాలి. ఎత్తు తక్కువని ఊరుకోవద్దు. 1999 నాటి అగ్నిమాపక చట్టం ప్రకారం ఫంక్షన్ హాళ్లు, బడులు, సినిమా హాళ్ల వంటి జనం గుమిగూడే చోట్లకు ప్లాటు 500 చదరపు మీటర్లు దాటినా, ఎత్తు 6 మీటర్లు దాటినా, రెండిట్లో ఒక్కటి చాలు. మీ 700 గజాలంటే సుమారు 585 చదరపు మీటర్లు.

సిలిండర్ల లెక్క కంటే దూరం చూడండి. హాల్లో ఎక్కడ నిలబడ్డా 15 మీటర్ల లోపు ఒకటి అందాలి. ఏబీసీ పౌడర్ (మంటలార్పే పొడి) సిలిండర్‌లో ప్రెషర్ ముల్లు పచ్చ గీతలో ఉన్నంత మాత్రాన పనిచేస్తుందని కాదు. ఏళ్లతరబడి కదపకపోతే పొడి అడుగున గడ్డకడుతుంది. అప్పుడు నొక్కితే గ్యాస్ ఒక్కటే బుస్సుమంటుంది. అప్పుడప్పుడు తలకిందులు చేసి చూడండి. మూడేళ్లకోసారి ప్రెషర్ టెస్టు తప్పదు.

అసలు ప్రమాదం వెనక గేటు దగ్గరే. దొంగల భయంతో తాళం వేస్తారు, దానికి అడ్డంగా కుర్చీలు పేరుస్తారు. పెళ్లి నడుస్తున్నంతసేపు అది తెరిచే ఉండాలి, తలుపు బయటికి తెరుచుకోవాలి. స్టేజీ గుడ్డలకు సీరియల్ బల్బుల వైర్లు చుట్టనివ్వకండి. వంట గ్యాస్ బండలు షెడ్డు బయటే, నిలువుగా.