పోటీ సంస్థ వెళ్లిపోగానే విమాన ఛార్జీ మూడింతలు: ఫిర్యాదు చేయవచ్చా?

ప్రశ్న: కోస్తాలోని ఒక జిల్లా కేంద్రంలో ట్రావెల్స్ కార్యాలయం నడుపుతున్నాను. మా విమానాశ్రయం నుంచి హైదరాబాద్‌కు చాలాకాలం ఒకే పెద్ద లో-కాస్ట్ సంస్థ సర్వీసు ఉండేది. నిరుడు ఒక చిన్న ప్రాంతీయ సంస్థ కూడా సర్వీసు ప్రారంభించింది. వెంటనే పెద్ద సంస్థ టికెట్ ధరను సగానికి పైగా తగ్గించి, చిన్న సంస్థ విమానం బయల్దేరే వేళకు కాస్త అటూ ఇటూగా మరో సర్వీసు వేసింది. కొన్ని నెలలకే చిన్న సంస్థ తట్టుకోలేక తప్పుకుంది. ఆ తర్వాత అదనపు సర్వీసు ఆగిపోయింది, ధర మూడింతలైంది. నష్టానికి అమ్మి పోటీదారును వెళ్లగొట్టడం నేరం కాదా? నాలాంటివాడు ఫిర్యాదు చేయవచ్చా, పరిహారం అడగవచ్చా? (పాఠకుని కోరికపై ఊరు, సంస్థల పేర్లు ఇవ్వడం లేదు.)

జవాబు: పోటీ చట్టాన్ని అమలు చేసే కాంపిటీషన్ కమిషన్‌కు మీరు ఫిర్యాదు చేయవచ్చు. అయితే టికెట్ చవకగా అమ్మినంత మాత్రాన, ఆ దెబ్బకు పోటీ సంస్థ మూతపడినా సరే, అది చట్ట ఉల్లంఘన కాదు. పోటీ చట్టం, 2002లోని 4వ సెక్షన్ ప్రకారం మార్కెట్‌లో ఆధిపత్య స్థానంలో ఉన్న సంస్థ, తన వ్యయం కన్నా తక్కువ ధరకు, పోటీని తగ్గించే లేదా పోటీదారును తొలగించే ఉద్దేశంతో అమ్మినప్పుడే అది ఉల్లంఘన అవుతుంది. ఆధిపత్యం, వ్యయం, ఉద్దేశం అనే మూడింటిలో ఏ ఒక్కటి తేలకపోయినా కేసు నిలవదు. నిలిచినా అది జైలుశిక్ష పడే నేరం కాదు. సంస్థ టర్నోవర్‌లో 10 శాతం వరకు జరిమానా, ఆ పద్ధతి మానుకోవాలన్న ఆదేశం ఉంటాయి.

ముందుగా ఒక విషయం కనుక్కోండి. చిన్న సంస్థ నడిపిన సర్వీసు, చిన్న ఊళ్లకు విమాన సౌకర్యం కోసం కేంద్రం తెచ్చిన ఉడాన్ పథకం కింద కేటాయించిన మార్గమైతే, సాధారణంగా మూడేళ్లపాటు ఆ సంస్థకు ప్రత్యేక హక్కు ఉంటుంది కాబట్టి, మరో సంస్థ అదే మార్గంలో సర్వీసు ఎలా నడిపిందన్నది వేరే ప్రశ్న అవుతుంది. మీ లేఖను బట్టి ఇది మామూలు వాణిజ్య మార్గమేనని భావించి చెబుతున్నాను.

ఇలాంటి కేసులు ఎక్కువగా ఆధిపత్యం దగ్గరే వీగిపోతాయి. రిలయన్స్ జియో ఉచితంగా సేవలు ఇస్తోందని భారతీ ఎయిర్‌టెల్ చేసిన ఫిర్యాదును కాంపిటీషన్ కమిషన్ 2017లో ముగించడానికి ప్రధాన కారణం, ఆ మార్కెట్‌లో జియో అప్పటికి ఆధిపత్య సంస్థ కాకపోవడమే. మీ కేసులో పెద్ద సంస్థకు దేశం మొత్తం మీద ఎంత వాటా ఉందన్న లెక్క ఒక్కటే సరిపోదు. ఏది మార్కెట్ అన్నది ముందు తేలాలి. జెట్ ఎయిర్‌వేస్, ఎతిహాద్ ఒప్పందాన్ని 2013లో పరిశీలించినప్పుడు కమిషన్ బయల్దేరే ఊరు, చేరే ఊరు అనే జంటను ప్రాతిపదికగా తీసుకుంది. ఆ పద్ధతి మీకు అనుకూలిస్తుంది, ఎందుకంటే మీ ఊరు-హైదరాబాద్ మార్గంలో ఇప్పుడు మిగిలింది ఒకే సంస్థ. ప్రతివాది న్యాయవాది మాత్రం రాత్రి రైలు, స్లీపర్ బస్సు, కారులో వెళ్లి పట్టుకోగల పక్క జిల్లా విమానాశ్రయం కూడా ఇదే మార్కెట్‌లోకి వస్తాయని వాదిస్తారు. విజయవాడ-హైదరాబాద్ ప్రయాణంలో ఆ వాదనకు బలం ఉంటుంది. విశాఖపట్నం-హైదరాబాద్ విషయంలో, వందేభారత్ రైలుకే ఎనిమిదిన్నర గంటలు పడుతుంది కాబట్టి, అంత బలం ఉండదు. పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావలసిన వ్యాపారులు, ఆసుపత్రి పని మీద వెళ్లేవారు మీ ఖాతాదారుల్లో ఎంతమంది ఉన్నారో మీ బుకింగ్ రికార్డులే చెబుతాయి. నా దృష్టిలో మీ దగ్గరున్న అత్యంత విలువైన సాక్ష్యం అదే.

వ్యయం సంగతి ఇంకా చిక్కైనది. ఒకే రకం విమానాలు, ఎక్కువ సీట్లు, దిగిన అరగంటలో మళ్లీ ఎగరడం, భోజనానికీ సామానుకూ వేరే రుసుము వంటి పద్ధతుల వల్ల లో-కాస్ట్ సంస్థకు ఒక్కో సీటు మీద పడే ఖర్చు నిజంగానే తక్కువ. మనకు నష్టపు బేరంగా కనిపించే ధర వారికి గిట్టుబాటు కావచ్చు. పైగా ప్రకటనలో కనిపించే అతి తక్కువ ధర ఒక విమానంలోని కొద్ది సీట్లకే వర్తిస్తుంది. కమిషన్ సాధారణంగా చూసేది సగటు చర వ్యయాన్ని, అంటే సర్వీసు నడిపితేనే అయ్యే ఖర్చును. అందుకే మీరు చెప్పిన అదనపు సర్వీసు కీలకం. దాని ఇంధనం, ల్యాండింగ్ రుసుము వంటివి కొత్తగా నెత్తిన వేసుకున్న ఖర్చులే కాబట్టి, ఆ సర్వీసు ఆదాయం వాటికైనా సరిపోయిందా అని అడగవచ్చు.

అచ్చంగా ఇదే తీరు కేసు ఒకటి అమెరికాలో నడిచింది. డాలస్ మార్గాల్లోకి వచ్చిన చిన్న సంస్థలను అమెరికన్ ఎయిర్‌లైన్స్ సర్వీసులు పెంచి, ధరలు తగ్గించి తరిమేసిందని ఆ దేశ ప్రభుత్వమే దావా వేసింది. ధర వ్యయం కన్నా తక్కువని రుజువు కాలేదంటూ 2003లో అప్పీలు కోర్టు దాన్ని తోసిపుచ్చింది. జర్మనీలో వేరేలా జరిగింది. బెర్లిన్-ఫ్రాంక్‌ఫర్ట్ మార్గంలో జర్మానియా అనే సంస్థ 99 యూరోలకు టికెట్ అమ్మడం మొదలుపెట్టగా, లుఫ్తాన్సా దాదాపు అదే ధరకు దిగివచ్చింది. అప్పుడు, 2002లో, పోటీ వ్యవహారాల కార్యాలయం లుఫ్తాన్సా ధర జర్మానియా ధర కన్నా కనీసం 35 యూరోలు ఎక్కువ ఉండాలని ఆదేశించింది. ఎక్కువ సర్వీసులు, ఎక్కువ సౌకర్యాలు ఇచ్చే సంస్థ సమాన ధర పెట్టిందంటే వాస్తవానికి తక్కువకు అమ్ముతున్నట్లేనన్నది అక్కడి తర్కం. ఈ తీర్పులు మన కమిషన్‌ను కట్టిపడేయవు. వాదనకు మాత్రం పనికివస్తాయి.

ఎదుటి పక్షం చేతిలో మరో ఆయుధం ఉంది. పోటీని ఎదుర్కోవడానికి పెట్టిన ధరకు 4వ సెక్షన్ వివరణలోనే కొంత రక్షణ ఉంది. చిన్న సంస్థ ధరకు సమానంగా దిగడం ఒకటి, దానికన్నా కిందికి దిగడం మరొకటి. ఏ తేదీన ఎవరి ధర ఎంతో, బయల్దేరే వేళలతో సహా పట్టిక తయారు చేసుకోండి. అదనపు సర్వీసు చిన్న సంస్థ ఉన్న కాలంలోనే నడిచి, అది తప్పుకోగానే ఆగిపోయిందని ఆ పట్టికలో కనిపిస్తే ఉద్దేశాన్ని సూచించే ఆధారం అవుతుంది.

19వ సెక్షన్ కింద ఎవరైనా కమిషన్‌కు సమాచారం ఇవ్వవచ్చు. స్వయంగా నష్టపోయినవారే కానక్కరలేదని సుప్రీంకోర్టు 2020లో, క్యాబ్ యాప్‌లకు సంబంధించిన కేసులో స్పష్టం చేసింది. ఈ దశలో మీరు వ్యయాన్ని పైసలతో సహా రుజువు చేయవలసిన పని లేదు. ప్రాథమిక ఆధారం ఉందని కమిషన్ భావిస్తే, దాని తరఫున దర్యాప్తు చేసే డైరెక్టర్ జనరల్ విచారణకు ఆదేశిస్తుంది. సంస్థ ఖాతాలు, అంతర్గత ఈమెయిళ్లు తెప్పించుకునే అధికారం ఆ అధికారికి ఉంది. ఒక్కరే కాకుండా మీ ఊరి ట్రావెల్ ఏజెంట్ల సంఘం లేదా వాణిజ్య మండలి పేరిట వెళ్లడం మేలని నా సలహా. రేపు కూడా మీరు అదే సంస్థ టికెట్లు అమ్మాలి కదా.

మరో దారి పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ. 1994 నుంచి దేశీయ ఛార్జీలు మార్కెట్‌కే వదిలేసినా, 1937 నాటి విమాన నియమావళిలోని 135వ నియమం ప్రకారం ధర విపరీతంగా గానీ, పోటీదారును దెబ్బతీసేలా గానీ ఉందని భావిస్తే డీజీసీఏ అధిపతి ఆ విమాన సంస్థకు ఆదేశాలు ఇవ్వవచ్చు. ఇప్పుడు మీరు చెల్లిస్తున్న మూడింతల ధర గురించి ఇక్కడ వినతిపత్రం ఇవ్వండి. అయితే కేంద్రం నేరుగా గరిష్ఠ ధరలు విధించినది 2020 మే నుంచి 2022 ఆగస్టు దాకా కరోనా కాలంలోనూ, 2025 డిసెంబరులో ఇండిగో సర్వీసులు భారీగా రద్దయినప్పుడూ; ఒక్క మార్గం కోసం ఆ స్థాయి జోక్యం ఆశించవద్దు. ధర ఎక్కువగా ఉందని మాత్రమే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడం వృథా.

పరిహారం మాట తర్వాతిది. ఉల్లంఘన జరిగిందని తేలాక, 53ఎన్ సెక్షన్ కింద జాతీయ కంపెనీ లా అప్పిలేట్ ట్రిబ్యునల్‌లో దరఖాస్తు చేయాలి; తగ్గిన మీ కమీషన్ ఆదాయానికీ ఆ ఉల్లంఘనకూ సంబంధాన్ని మీరే చూపాలి. 2023 సవరణ తర్వాత కమిషన్‌కు సమాచారం ఇవ్వడానికి మూడేళ్ల గడువు వచ్చింది. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే వీలున్నా, దాని మీద ఆధారపడకుండా, ధర తగ్గించిన తేదీ నుంచే గడువు లెక్కపెట్టుకుని దాఖలు చేయండి.