చిట్టీ, ముందు రిటర్న్‌లు లెక్కపెట్టు

చిట్టితల్లికి, అత్త ఆశీస్సులు.

మొన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. "అక్కా, మా చిట్టి మన చీరల షాపు యాడ్లు, వాట్సాప్, వెబ్‌సైట్ అన్నీ ఏదో డేటా ప్లాట్‌ఫామ్‌లో కలిపేస్తానంటోంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, నువ్వైనా మాట్లాడు" అన్నాడు. కంగారుగానే చెప్పాడు గానీ, మధ్యలో "ఆ ప్లాట్‌ఫామ్ కంపెనీ వాళ్ళతో ఇంగ్లీషులో గంటసేపు మాట్లాడిందక్కా" అని రెండుసార్లు అన్నాడు. ఫోన్ పెట్టేశాక నేనూ మీ మామయ్యకి అదే మాట ఇంకో రెండుసార్లు చెప్పాను. తర్వాత నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

సంవత్సరానికి ఒకేసారి కడితే తగ్గింపు ఇస్తామన్నారటగా. కట్టకు. మూడు నెలలు నెలనెలా కట్టి చూడు. యాడ్లలో, మెసేజీల్లో పెట్టే ప్రతి లింకుకీ, మనిషి ఎక్కడినుంచి వచ్చారో తెలిసేలా ఒక గుర్తు తగిలించు. అది కూడా ఒకే తీరులో రాయి. ఇన్‌స్టాగ్రామ్ అని ఒకచోట పెద్ద ఐతో, ఇంకోచోట చిన్న ఐతో రాస్తే, వెబ్‌సైట్‌కి ఎవరు ఎటునుంచి వచ్చారో లెక్కపెట్టే గూగుల్ అనలిటిక్స్ రెండు వేర్వేరు దారులుగా లెక్కేస్తుంది. కస్టమర్ల నంబర్లు అడక్కుండా ఎక్కడా ఎక్కించకు, 2023లో దానికి చట్టం కూడా వచ్చింది. ఇవి నీకు తెలిసినవే, పెద్దదాన్ని కాబట్టి చెప్పాను.

ఇప్పుడు నా సంగతి. మీ నాన్నకి కూడా సగమే తెలుసు.

2022 వేసవి. ఆవకాయ సీజన్. ఒక యాడ్ ఏజెన్సీ కుర్రాడు వచ్చి నా పచ్చళ్ళ యాడ్లన్నీ ఒక డ్యాష్‌బోర్డులో, అంటే లెక్కలన్నీ ఒకేచోట కనపడే స్క్రీన్‌లో, పెట్టిచ్చాడు. యాడ్లకి రోజుకి 500 రూపాయలు పెట్టేదాన్ని. పొద్దున్నే కాఫీ కన్నా ముందు ఆ స్క్రీన్ చూసేదాన్ని. ఒక్కో ఆర్డర్‌కి యాడ్ ఖర్చు 110 రూపాయలు అని పచ్చరంగులో కనపడేది. పచ్చరంగు చూస్తే ఎవరికి ఆశ పుట్టదు చెప్పు! 500 కాస్తా 1,000 అయింది, రెండు వారాల్లో 4,000 అయింది. కాయ, నూనె, కారం, సీసాలు అన్నిటికీ ముందే డబ్బు కావాలి. మీ నానమ్మ నా పెళ్ళికి పెట్టిన నాలుగు గాజులు తీసుకెళ్ళి తాకట్టు పెట్టాను. మీ మామయ్యకి చెప్పలేదు.

పదిరోజుల తర్వాత కొరియర్ ఆటో వచ్చింది. సరుకు తీసుకెళ్ళడానికి అనుకున్నాను. దింపడానికట. వరండా నిండా అట్టపెట్టెలు. కొన్నిటి అడుగున నూనె కారి, అట్ట ఎర్రగా నాని ఉంది. వీధంతా ఆవపిండి ఘాటు. అన్నీ క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డర్లే. "కస్టమర్ వద్దన్నారు", "ఫోన్ ఎత్తలేదు" అని మీద చీటీలు. ఒకాయనకి నేనే ఫోన్ చేశాను. "ఏ పచ్చడండీ? మా బుడ్డోడు ఫోన్ నొక్కేసుంటాడు" అన్నాడు. తిట్టడానికి కూడా మాట రాలేదు నాకు.

మీ మామయ్య ఒక్క మాట అనలేదు. కత్తెర తెచ్చుకుని కింద కూర్చుని ఒక్కో పెట్టె కోస్తూ, పిల్లల లెక్కల నోట్‌బుక్‌లో పిన్‌కోడ్ రాసుకుంటూ పోయారు. తిడితే బాగుండేది. రాత్రి ఆ నోట్‌బుక్ నా ముందు పెట్టారు. 100 ఆర్డర్లకి యాడ్ల ఖర్చు 11,000. నిజంగా తీసుకున్నవాళ్ళు 62 మంది. అంటే ఒక్కోదానికి 110 కాదు, 177. దానిమీద ఆ 38 పెట్టెలకీ పోనూ రానూ కొరియర్ ఖర్చు, పగిలిన సీసాలు. తిరిగొచ్చిన పచ్చడి మళ్ళీ అమ్మలేం కదా, గుంట తీసి పూడ్చాం.

చాలా రోజులు ఆ కుర్రాణ్ణీ, ఆ డ్యాష్‌బోర్డునీ తిట్టుకున్నాను. తర్వాత అర్థమైంది. ఆర్డర్ పెడితే చాలు గెలిచినట్టే అని, యాడ్లు ఎవరికి చూపించాలో తేల్చే సిస్టమ్‌కి చెప్పింది మేమే. అది బుద్ధిగా ఆర్డర్లు పెట్టేవాళ్ళనే వెతికింది. సులువుగా పెట్టేసి సులువుగా వద్దనేవాళ్ళు దానికి ఇంకా తొందరగా దొరికారు. వాళ్ళలాంటి వాళ్ళనే ఇంకా తెచ్చింది. నేను డబ్బు పెంచేకొద్దీ తప్పు మనుషుల్ని వెతకడంలో అది ఆరితేరింది.

అందుకే చెబుతున్నా, చీర ఇంటికి చేరి, డబ్బు మన చేతికి వచ్చాకే అది అమ్మకం. డెలివరీ అయిన సంగతి ఆ యాడ్ల సిస్టమ్‌కి తిరిగి అందే ఏర్పాటు ఉందా అని నీ డేటా ప్లాట్‌ఫామ్ వాళ్ళని అడుగు. లేదంటే ఎంత అందంగా ఉన్నా వద్దు. క్యాష్ ఆన్ డెలివరీ ఆపెయ్యమనను, మన ఊళ్ళలో అది లేకపోతే సగంమంది కొనరు. ముందు ఒక 100 రూపాయలు కట్టించుకో, పంపేముందు ఫోన్ చెయ్యి. వెనక్కొచ్చిన ప్రతి చీరకీ కారణం రాసిపెట్టు. నీకు రంగు తేడాలే ఎక్కువ ఉంటాయని నా అనుమానం. ఫోన్లో చిలకాకుపచ్చగా కనపడి, విప్పితే ముదురాకుపచ్చ అయితే ఏ యాడ్ ఏం చేస్తుంది? ట్యూబ్‌లైట్ కింద ఫొటోలు తీయొద్దని మీ నాన్నకి చెప్పీ చెప్పీ అలిసిపోయాను. నిజాం అంచు జరీ అయితే ఆ వెలుతురులో రేకులా కనపడుతుంది.

ఇంకోటి. ఫేస్‌బుక్ తన లెక్క తను వేసుకుంటుంది, గూగుల్ తన లెక్క తను. ఫేస్‌బుక్‌లో సెట్టింగ్ మార్చకపోతే యాడ్ నొక్కి 7 రోజుల్లో కొన్నా, ఊరికే చూసి ఒక రోజులో కొన్నా తన ఖాతాలోనే రాసుకుంటుంది. ఒకే చీరని ఇద్దరూ మాదే అంటారు. రెండూ కలిపితే నీ బిల్లు పుస్తకం కన్నా ఎక్కువ తేలుతుంది. నాకు తెలిసిన పరీక్ష ఒకటే: రెండు వారాలు విశాఖలో యాడ్లు ఆపి, తిరుపతిలో నడిపించు. విశాఖలో అమ్మకం తగ్గకపోతే, అక్కడ ఎలాగూ కొనేవాళ్ళకే మనం డబ్బు తగలేస్తున్నాం అన్నమాట. పండగల్లో మాత్రం ఈ పరీక్ష పెట్టకు.

పండగంటే గుర్తొచ్చింది. ఆ స్క్రీన్ పోయినేడు ఇదే వారంతో పోల్చి "అమ్మకాలు పడిపోయాయి" అని ఎర్రగా చూపిస్తే గుండె జారనీకు. దానికి పంచాంగం తెలియదు. 2023లో అధిక శ్రావణం వచ్చి వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 25న పడింది. 2024లో 16న, 2025లో 8న. తారీఖు పట్టుకుని పోలిస్తే చీరల వ్యాపారం ఏటా తలకిందులుగానే కనపడుతుంది. వ్రతానికి ముందు మూడు వారాలు, వ్రతానికి ముందు మూడు వారాలతోనే పోల్చు.

నీకు భయం పెట్టాలని కాదమ్మా. నీ వయసులో నాకు ఈ తెలివి లేదు, నీకుంది. కానీ యాడ్ల కోసం గానీ సరుకు కోసం గానీ బంగారం తాకట్టు అనే మాట ఎవరి నోటినుంచి వచ్చినా ముందు నాకు ఫోన్ చెయ్యి. అర్ధరాత్రైనా సరే. ఆ గాజులు విడిపించడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది. మీ నానమ్మ వచ్చిన ప్రతిసారీ పొడుగు చేతుల జాకెట్టు వేసుకుని తిరిగాను, ఎండాకాలంలో కూడా.

ఆదివారం రా. లాప్‌టాప్ ఒక్కటే పట్టుకుని దిగకు, షాపు బిల్లు పుస్తకం, ఈ మూడు నెలల్లో వెనక్కొచ్చిన చీరల లిస్టు కూడా తీసుకురా. మీ మామయ్య అప్పుడే కొత్త నోట్‌బుక్‌కి అట్ట వేశారు. గోంగూర పచ్చడి పెట్టాను, ఉప్పు కొంచెం ఎక్కువైంది, మీ నాన్నకి అలాగే ఇష్టం, ఒక సీసా తీసుకెళ్దువు గాని.

మీ అత్త