బియ్యం ఏరే చేతికి ఎన్ని మార్కులు?

ప్రశ్న: మా ఊళ్ళో సంక్రాంతికి నాటిక పోటీలు పెడుతున్నారు. రిటైరైన తెలుగు మాస్టారిని కదా అని నన్ను న్యాయనిర్ణేతగా కూర్చోమంటున్నారు. నాటకాలు బోలెడు చూశాను గానీ మార్కులు ఎప్పుడూ వేయలేదు. టెన్షన్‌గా ఉంది. ఏం చూడాలి? – ఒక పాఠకుడు, పొన్నూరు

జవాబు: మాస్టారూ, ప్రదర్శన నడుస్తున్నంతసేపూ పెన్ను జేబులోనే ఉంచుకోండి. ఎందుకంటున్నానో తెలియాలంటే నేను చేసిన తప్పొకటి చెప్పాలి.

చాలా ఏళ్ళ కిందట ఒక నాటక పరిషత్తు పోటీల్లో, పేరెందుకు లెండి, నేనూ మరో ఇద్దరం న్యాయనిర్ణేతలం. ఒక నాటికలో కూతురి సంబంధం తప్పిపోయిందని తండ్రి ఇంటికొచ్చి చెప్తాడు. ఆ వేషం వేసినాయనది కంచు కంఠం, మాటమాటకీ చప్పట్లు. తల్లి ఓ పక్కన చేటలో బియ్యం ఏరుతూ కూర్చుంది, ఆ సీనులో ఆవిడకున్నవి రెండే మాటలు. నేను తల వంచుకుని తండ్రికి వాచికం (మాట పలికే తీరు) గడిలో మార్కులు వేసుకుంటున్నాను. తలెత్తేసరికి ఆవిడ ఏరిన మట్టిబెడ్డని అవతల పారేయకుండా మళ్ళీ బియ్యంలోనే వేస్తోంది. ఒకసారి అయితే పొరపాటు అనుకుందును, మూడుసార్లు వేసింది. చెయ్యి అలవాటుగా కదులుతోంది, మనసు మాత్రం ఆ చేటలో లేదు. ఉత్తమ నటుడి బహుమతి తండ్రికి ఇచ్చేశాం, ఆవిడకి ఏమీ ఇవ్వలేదు. అర్ధరాత్రి బస్సులో తిరిగొస్తుంటే నాకు ఆ చెయ్యే కళ్ళముందు కదిలింది తప్ప ఆ తండ్రి చెప్పిన డైలాగు ఒక్కటంటే ఒక్కటి గుర్తు రాలేదు.

అందుకని మీరు మాట్లాడేవాణ్ణి కాదు, వినేవాణ్ణి చూడండి. మాట్లాడేవాణ్ణి ఎలాగూ ఊరంతా చూస్తుంది. పక్కవాడు చెప్తున్నప్పుడు కొందరు తమ వంతు ఎప్పుడొస్తుందా అని లోపల్లోపల వల్లెవేసుకుంటూ పెదవులు కదుపుతారు, అది నాలుగో వరసలోకి కూడా కనిపిస్తుంది. అసలు వింటున్నవాడికి ఆ మాట అప్పుడే మొదటిసారి చెవిన పడినట్టుంటుంది, నలభైసార్లు రిహార్సల్ చేసినా సరే. ఇంకోటి, వేలాడే మైకు. డైలాగు రాగానే ఏ కారణమూ లేకుండా నడిచొచ్చి మైకు కింద నిలబడేవాడు ఒక రకం. కుర్చీ జరపడానికో, మంచినీళ్ళు తీసుకోవడానికో వచ్చినట్టు వచ్చి అదే మైకు కింద ఆగేవాడు ఇంకో రకం. ఇద్దరి మాటా వినిపిస్తుంది, మార్కులు మాత్రం రెండోవాడికే.

ఆంగికం (ఒంటి కదలిక), వాచికం, ఆహార్యం (వేషం, అలంకారం), సాత్వికం (లోపలి భావం) అని షీటులో నాలుగు గడులు ఇస్తారేమో, ఇవ్వనివ్వండి, మీకు తెలియనివి కావు. భరతుడి నాట్యశాస్త్రం 27వ అధ్యాయం మాత్రం ఒకసారి తిరగేయండి. నాటకాన్ని తూచేవాళ్ళని ప్రాశ్నికులంటాడాయన. యజ్ఞం తెలిసినవాడు, నర్తకుడు, ఛందస్సు తెలిసినవాడు, వ్యాకరణవేత్త, రాజు, విలుకాడు, చిత్రకారుడు, వేశ్య, సంగీతం తెలిసినవాడు, రాజుగారి ఉద్యోగి, ఇదీ జాబితా. ఎవడికి తెలిసిన సంగతి వాడు చెప్పాలి. విల్లు పట్టుకున్న తీరు విలుకాడు చూస్తాడు, శృంగారం నడిచిన తీరు వేశ్య చూస్తుంది. మీకు ఉచ్చారణ తెలుసు, అక్కడ గట్టిగా ఉండండి. లైటింగు తెలియకపోతే పక్కాయన్ని అడగండి, అందులో నామోషీ ఏం లేదు.

తెర పడ్డాక, మిగతా ఇద్దరితో ఒక్క ముక్క మాట్లాడకముందే, అంకెలు వేసేయండి. మాట్లాడాక వేస్తే ముగ్గురివీ ఒకే అంకెలవుతాయి. "మనవాళ్ళండీ, దూరం నుంచి వచ్చారు" అని టీ కప్పుతో పాటు ఎవరో ఒకరు చెవిలో వేస్తారు. టీ తాగండి.

ప్రశ్న: పద్యనాటకంలో రాగం పది నిమిషాలు సాగదీస్తే వన్స్ మోర్లు, నోట్ల దండలు! ఇది నటనేనా, కచేరీనా? – ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: అమ్మా, వన్స్ మోర్ మీద నాకు కోపం లేదు. ఇందాక చెప్పిన అధ్యాయంలోనే జనం మెప్పుకి గుర్తులు రాసిపెట్టాడు భరతుడు. చిరునవ్వు, పెద్ద నవ్వు, 'ఆహా' అనడం, 'అయ్యో' అనడం, ఒళ్ళు జలదరించి లేచి నిలబడడం, పైబట్టలూ ఉంగరాలూ ఇచ్చేయడం. నోటుకి గుండుసూది పెట్టి గుచ్చడం ఆ వరసలోదే. అయితే వీటన్నిటికంటే పైమెట్టు ఇంకోటి ఉందన్నాడు: సభ నిండా జనం ఉండి, చప్పుడూ కదలికా ఏమీ లేకపోవడం. దాన్ని దైవికసిద్ధి అన్నాడు.

ఇక రాగం సంగతి. తిరుపతి వేంకట కవుల 'చెల్లియో చెల్లకో' పద్యం తెలియని ఊరు లేదు కదా. కౌరవసభలో కృష్ణుడి పద్యం అది. చివరికి వచ్చేసరికి సంధి చేస్తావా, యుద్ధమే తెస్తావా, తేల్చి చెప్పమని కౌరవేశ్వరుణ్ణి నిలదీస్తాడు. అంటే పద్యం మొత్తం ఒక ప్రశ్న. ఆ 'కౌరవేశ్వరా' దగ్గర మనవైపు తిరిగి, కళ్ళు మూసుకుని, హార్మోనియంతో పోటీ పడి రాగం తీసి, చప్పట్లయ్యాక నమస్కారం పెట్టే కృష్ణుణ్ణి నేను చాలామందినే చూశాను. పాట అద్భుతం, కానీ అడిగింది ఎవర్ని? అదే రాగాన్ని అవతలివాడి మీంచి చూపు తీయకుండా పాడితే, ఎంత సాగితే అంత ఒత్తిడి పెరుగుతుంది, జవాబు చెప్పేదాకా వదలడు అనిపిస్తుంది. అంతసేపూ దుర్యోధనుడేం చేస్తున్నాడో కూడా చూడండి. మీసం సవరించుకోవడం ఒక్కటే వచ్చినవాడైతే రెండో నిమిషానికే చేతులు ఖాళీ అయిపోతాయి పాపం.

ప్రశ్న: సినిమాలో గొంతు ఒకరిది, ముఖం ఇంకొకరిది. మరి నటనకి మార్కులెవరికి? – ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: గొంతొక్కటే అయితే ఫర్వాలేదు బాబూ. కన్నీళ్ళు గ్లిజరిన్‌వి, గుండె పిండేసింది వయొలిన్లు, ఎంతసేపు చూడాలో తేల్చింది ఎడిటరు. దాదాపు వందేళ్ళ కిందట రష్యాలో కులెషోవ్ అనే దర్శకుడు ఏ భావమూ లేని ఒకే ముఖాన్ని ఒకసారి సూప్ గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన, ఒకసారి స్త్రీ పక్కన అతికించి చూపిస్తే జనం అందులో ఆకలి, దుఃఖం, కోరిక చూసుకున్నారట. అందుకని సినిమాలో ముఖాన్ని అంత తేలిగ్గా నమ్మను నేను. సౌండు తీసేసి, కట్ లేకుండా ఎక్కువసేపు నడిచే షాట్లు చూడండి, ఒళ్ళంతా కనిపించే షాట్లయితే మరీ మంచిది.

1957లో వచ్చిన 'మాయాబజార్' అలా చూడండి. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు సావిత్రి. మగవాడి విసురుతో అడుగు పడుతుంది, తాను ఆడపిల్లనని గుర్తొచ్చి భుజాలు సర్దుకుంటుంది, మళ్ళీ హుషారెక్కితే మళ్ళీ మర్చిపోతుంది. 'అహ నా పెళ్ళియంట' పాట సుశీలది, మధ్యలో దూసుకొచ్చే ఘటోత్కచుడి గొంతు ఘంటసాలది, ఆ రెండు గొంతుల మధ్యా మారిపోయే ఒళ్ళు మాత్రం సావిత్రిది. స్టేజి మీద స్థానం నరసింహారావుగారు సత్యభామ అయ్యారు, మగవాడు ఆడదవడం అది. ఇక్కడ ఒక ఆడమనిషి, ఆడవేషంలో ఉన్న మగవాడయింది. సౌండు తీసేసినా ఏ క్షణంలో ఎవరున్నారో తెలిసిపోతుంది. డబ్బింగు చెప్పినవాళ్ళకి వేరే బహుమతి ఇవ్వాల్సిందే, దానికోసం ఒంటికి మార్కులు తగ్గించనక్కర్లేదు.

ప్రశ్న: న్యూయార్క్‌లో మా అమ్మాయి బ్రాడ్‌వే మ్యూజికల్ చూపించింది. పాట, ఆట, మాట అన్నీ ఒక్కరే! మామూలు నాటకంవాళ్ళని వీళ్ళతో ఎలా పోలుస్తారు? – ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: పోల్చరండీ. బ్రాడ్‌వే నాటకాలకిచ్చే టోనీ అవార్డుల్లో నాటకంలో ఉత్తమ నటుడు వేరు, మ్యూజికల్‌లో ఉత్తమ నటుడు వేరు. మన నంది నాటకోత్సవాల్లోనూ పద్యనాటకం ఒక విభాగం, సాంఘిక నాటకం ఇంకో విభాగం. మీరు చూసినవాళ్ళు మామూలుగా వారానికి ఎనిమిది ఆటలు ఆడతారు, పాట అలవాటుగా వచ్చేయొచ్చు, అంచేత ఈసారి వెళ్ళినప్పుడు పాట మొదలయ్యే క్షణం గమనించండి. మాటల్లో ఇక పట్టలేక పాటలోకి వెళ్ళాడా, బ్యాండువాళ్ళు ఎత్తుకున్నారు కదా అని అందుకున్నాడా? డాన్సు అయ్యాక ఆయాసాన్ని తర్వాతి మాటలో ఎక్కడ దాచాడో కూడా చూడండి. మీ అమ్మాయిని మాత్రం బుధవారం మధ్యాహ్నం ఆటకి టిక్కెట్లు దొరుకుతాయేమో చూడమనండి. రాత్రి మళ్ళీ ఇంకో ఆట ఉందని తెలిసినవాడు మధ్యాహ్నం ఎంత దాచుకుంటాడో, ఎంత ఖర్చుపెడతాడో చూడాలని నాకూ ఉంది, చూసి రాయండి.