మియాటాకి అల్యూమినియం పెడల్స్: డ్రిల్లు వెయ్యాలా, క్లాంపులతో సరిపోతుందా?

మీరు అడిగింది ఇది: 2019 మాజ్డా మియాటా (రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు), మాన్యువల్ గేర్, డాలస్‌లో రోజూ ఆఫీసుకి, నెలకోసారి ఆటోక్రాస్‌కి, అంటే ఖాళీ మైదానంలో కోన్ల మధ్య ఒక్కొక్కరుగా టైముకి నడిపే పోటీకి. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే అల్యూమినియం పెడల్ సెట్ కొనాలనుంది. డ్రిల్లు వెయ్యాల్సినవి మంచివా, డ్రిల్లు అక్కర్లేనివి మంచివా, వానలో జారతాయా, వారంటీ పోతుందా?

నాది కూడా అదే తరం మియాటా, ఆస్టిన్ వైపు. మెటల్ పెడల్స్ వేసుకుని చాలాకాలంగా నడుపుతున్నాను. అసలు సంగతి ముందే చెప్పేస్తాను. బ్రేక్ పెడల్ మీద ఏ లోహపు పలకనీ జిగురు టేపుతో గానీ, వెనకనుంచి పట్టుకునే క్లాంపులతో గానీ బిగించకండి. బోల్టు వెయ్యండి, లేదా కంపెనీ రబ్బరు తీసేసి దాని చోట అదే ఆకారంలో కూర్చునే సెట్ కొనండి. మిగతావన్నీ మీ సరదా.

డ్రిల్లు అక్కర్లేదని అమ్మేవాటిలో రెండు రకాలున్నాయి, వాటిని ఒకే గాటన కట్టకూడదు. మొదటిది తొడుగు రకం. బ్రేక్, క్లచ్ పెడళ్లకి ఇప్పుడున్న నల్ల రబ్బరుని అంచు పట్టుకుని లాగితే ఊడి వస్తుంది, కింద ఇనుప పలక కనిపిస్తుంది. ఈ సెట్‌లో అల్యూమినియం ముఖం వెనక అలాంటి రబ్బరు తొడుగే ఉంటుంది, ఆ ఇనుప పలక అంచుల చుట్టూ బిగుతుగా పట్టుకుంటుంది. కార్ల కంపెనీలు తామే అమ్మే స్పోర్ట్ పెడల్స్ ఎక్కువగా ఇలాంటివే. ఎక్కించేటప్పుడు సబ్బు నీళ్లు కొంచెం రాసి, ఒక అంచు ముందు తగిలించి, రెండో అంచుని మొండి స్క్రూడ్రైవర్‌తో లోపలికి నెట్టాలి. వేళ్లు నొప్పి పుట్టేంత కష్టంగా ఎక్కితే మంచి సెట్ అన్నట్టు. సులువుగా ఎక్కిందంటే సులువుగానే ఊడుతుంది, వెనక్కి పంపెయ్యండి. సబ్బు నీళ్లు పూర్తిగా ఆరేదాకా బండి తియ్యకండి.

రెండోది క్లాంపు రకం, ఏ బండికైనా సరిపోతుందని అమ్మేది. పాత రబ్బరు అలాగే ఉంచి, దానిమీద పలక పెట్టి, వెనక రెండు చిన్న కొక్కేలని స్క్రూలతో బిగిస్తారు. చిక్కంతా అక్కడే. స్క్రూ ఎంత బిగించినా అది నొక్కేది రబ్బరుని. రోజూ తొక్కుతూ ఉంటే రబ్బరు అణుగుతుంది, పట్టు సడలుతుంది, పలక పక్కకి తిరుగుతుంది. మియాటా లాంటి ఇరుకు బండిలో బ్రేక్ పలక కుడివైపుకి కాస్త తిరిగినా యాక్సిలరేటర్ మీదకి వచ్చేస్తుంది. మా ఆటోక్రాస్‌లో పరుగులకి ముందు టెక్ చెకింగ్, అంటే బండి భద్రంగా ఉందా అన్న తనిఖీ, ఉంటుంది. అక్కడ ఒకాయన బండిలో చెకింగ్ చేసే పెద్దమనిషి వంగి, బ్రేక్ పలకని రెండు వేళ్లతో పట్టుకుని తిప్పాడు. గడియారం ముల్లులా తిరిగింది. "తీసెయ్, తీశాకే లైన్‌లోకి రా" అన్నాడు, అంతే. డబ్బు పెట్టి కొన్న సెట్ అక్కడే ట్రంకులోకి వెళ్లింది.

టేపుతో అతికించేవాటి గురించి ఎక్కువ చెప్పను. టెక్సస్ ఎండలో మూసి ఉంచిన కారు లోపల ఎంత వేడో మీకు తెలుసు. ఆ వేడికి మెత్తబడే జిగురుని బ్రేక్ మీద నమ్మడం ఎందుకు? డెడ్ పెడల్ మీద, అంటే ఎడమ కాలు ఆనించుకునే చోట వేసుకోండి. అది కదలదు, ఊడినా ప్రాణం మీదకి రాదు.

ఇక బోల్టు వేసే పద్ధతి. బ్రేక్, క్లచ్ రెండూ ఇనుప పలకలే కాబట్టి డ్రిల్లు వెయ్యొచ్చు. పలక వెనక వెల్డింగ్ చేసిన చెయ్యి ఉంటుంది కదా, రంధ్రాలు దానికీ ఆ వెల్డింగ్‌కీ దూరంగా పడాలి. సెట్‌తో వచ్చే పలకని రబ్బరు తీసిన పెడల్ మీద పెట్టి, మార్కర్‌తో చుక్కలు పెట్టి, తొక్కినప్పుడు అది నిజంగా మధ్యలో ఉందా అని సీట్లో కూర్చుని షూ వేసుకుని చూడండి. బయట మోకాళ్ల మీద కూర్చుని చూస్తే నేరుగా కనిపించేది, సీట్లో కూర్చుంటే వంకరగా ఉంటుంది. తరవాత సెంటర్ పంచ్‌తో (సుత్తితో కొట్టే మొనదేలిన ఇనుప కడ్డీ) గాటు పెట్టాలి, లేకపోతే బిట్టు జారి పెడల్ మీద గీతలు పడతాయి. ముందు 3 మిల్లీమీటర్ల బిట్టు, తరవాత బోల్టుకి సరిపడే బిట్టు. కార్పెట్ మీద పాత దుప్పటి పరిచి, బిట్టు పక్కనే ఒక అయస్కాంతం పెట్టుకోండి. ఇనుప రజను కార్పెట్‌లో దిగిందంటే ఏళ్ల తరబడి గుచ్చుకుంటూనే ఉంటుంది. పైగా అది యాక్సిలరేటర్ కనెక్టర్ వైపు వెళ్లడం అసలు మంచిది కాదు.

బోల్టులు పైన చదునుగా కూర్చునేవి, వెనక నైలాక్ నట్లు. నైలాక్ అంటే లోపల నైలాన్ రింగు ఉండే నట్టు, అదురుకి వదులవదు. సెట్‌తో వచ్చే మామూలు నట్లు పారేసి హార్డ్‌వేర్ షాపులో ఇవి కొనుక్కోండి, డాలరు రెండు డాలర్ల పని. అవి దొరకకపోతే నీలం రంగు థ్రెడ్‌లాకర్ (బోల్టు మరల్లో వేసే జిగురు) ఒక చుక్క వేసినా సరిపోతుంది. ఎర్రది వద్దు, రేపు తియ్యాలంటే వేడి చెయ్యాల్సి వస్తుంది. నట్టు దాటి బయటికి వచ్చిన బోల్టు కొస మరీ పొడుగుంటే కోసేసి ఆకురాయితో నున్నగా చెయ్యండి. పొడుగ్గా వదిలేస్తే క్లచ్ కిందిదాకా వెళ్లినప్పుడు అది కార్పెట్‌కి పట్టుకుంటుంది.

యాక్సిలరేటర్ కథ వేరు. మన తరం మియాటాలో అది పైనుంచి వేలాడదు, హార్మోనియం తొక్కుడు పలకలా కింద నేలకి కీలుతో ఉంటుంది. పైగా ప్లాస్టిక్, వెనకాల సెన్సర్లు. కేబుల్ లేదు, మొత్తం ఎలక్ట్రానిక్. ఇలాంటిదానికి డ్రిల్లు వేస్తే ప్లాస్టిక్ పగలొచ్చు, బోల్టు పొడవెక్కువైతే వెనక ఉన్నదాన్ని పొడవొచ్చు. దీనికి మాత్రం ఈ తరం మియాటా కోసమే చేసిన, పెడల్ ఆకారానికి అతుక్కుని పట్టుకునే తొడుగు కొనండి, "యూనివర్సల్" అని రాసి ఉన్నది వద్దు. కొన్నాక ఒకటి చూడండి. పలక కింది అంచు పెడల్ కింది అంచు కంటే ఒక్క పిసరు కూడా కిందకి దిగకూడదు. దిగితే తొక్కినప్పుడు ఆ అంచు ఫ్లోర్ మ్యాట్‌లో గుచ్చుకుంటుంది. అప్పుడు పూర్తిగా నొక్కలేరు, లేదా నొక్కింది తిరిగి రాదు. రెండోది భయంకరం.

ఎంత భయంకరమో అమెరికా 2009 లోనే చూసింది. ఆ ఆగస్టులో శాన్ డియాగో దగ్గర డీలరు ఇచ్చిన ఒక లెక్సస్‌లో వేరే మోడల్‌కి చెందిన రబ్బరు మ్యాట్‌లో యాక్సిలరేటర్ ఇరుక్కుపోయింది. నడుపుతున్నది డ్యూటీలో లేని హైవే పెట్రోల్ ఆఫీసర్, అంటే డ్రైవింగ్ బాగా తెలిసిన మనిషి. ఆయనతో కలిపి నలుగురు పోయారు. తరవాత టొయోటా మొదట దాదాపు 38 లక్షల బళ్లు వెనక్కి పిలిచింది. ఆ రిపేర్లలో యాక్సిలరేటర్ పెడల్ కొసని కోసి పొట్టి చెయ్యడం కూడా ఉంది, మ్యాట్‌కీ దానికీ మధ్య సందు పెరగాలని. కంపెనీ సందు పెంచడానికి పెడల్ కోస్తే, మనం అందం కోసం పెడల్ పెంచుతున్నాం. అందుకని ముప్పై డాలర్ల సామానైనా ఈ ఒక్క కొలత దగ్గర మొండిగా ఉండండి. మ్యాట్ల కొక్కేలు తగిలించే ఉంచండి, ఒక మ్యాట్ మీద ఇంకో మ్యాట్ వెయ్యకండి.

బిగించాక ఇంజన్ ఆపి ప్రతి పెడల్‌నీ చేత్తో వెళ్లినంతవరకు నొక్కి ఒక్కసారిగా వదలండి. పాదం తీసేస్తే థ్రాటిల్ (ఇంజన్‌కి గాలి వదిలే కవాటం) 1 సెకనులోపు ఐడిల్‌కి, అంటే పెడల్ తొక్కనప్పటి స్థితికి, రావాలని ఇక్కడి ఫెడరల్ రూలు ఉంది. మంచి బండిలో పెడల్ అంతకంటే ముందే టప్‌మని పైకి వస్తుంది. నెమ్మదిగా వచ్చిందంటే ఏదో రాసుకుంటోంది. క్లచ్ పూర్తిగా కిందకి వెళ్లకపోతే మియాటా స్టార్టే అవ్వదు, ఆ లోపం తనంతట తానే బయటపడుతుంది. బ్రేక్ వదిలాక వెనక లైట్లు ఆరుతున్నాయా అని ఇంట్లోవాళ్లని నిలబెట్టి చూడండి. వారం పది రోజులు నడిపాక నట్లు ఒకసారి మళ్లీ బిగించండి.

మీరు రాయలేదు గానీ, ఆటోక్రాస్ అన్నారు కాబట్టి హీల్ అండ్ టో గురించి కూడా అనుకుంటున్నారని నా ఊహ. గేరు తగ్గించేటప్పుడు పాదం ముందు భాగంతో బ్రేక్ తొక్కుతూనే, అదే పాదం కుడి అంచుతో గ్యాస్ (అంటే యాక్సిలరేటర్) ఒక్కసారి తట్టడం. మెటల్ పెడల్స్ వల్ల నిజంగా లాభం ఉండేది ఇక్కడే. అంచు గట్టిగా ఉంటుంది, యాక్సిలరేటర్ పలక కాస్త వెడల్పుగా ఉంటే పాదం ఎక్కువ తిప్పక్కర్లేదు. అయితే చాలామంది బండి ఆపి ఉన్నప్పుడు రెండు పెడళ్ల ఎత్తు చూసి, బ్రేక్ ఎత్తుగా ఉంది, గ్యాస్ లోతుగా ఉందని కంగారుపడి గ్యాస్ పలక కింద స్పేసర్లు (ఎత్తు పెంచే ముక్కలు) పెట్టేస్తారు. అది తప్పు లెక్క. గట్టిగా బ్రేక్ కొట్టినప్పుడు బ్రేక్ పెడల్ కిందకి దిగి గ్యాస్‌కి దగ్గర ఎత్తుకి వస్తుంది. ఇంజన్ ఆన్‌లో పెట్టి, బండి నిలబెట్టి, ట్రాక్ మీద తొక్కేంత బలంగా బ్రేక్ తొక్కి అప్పుడు ఎత్తు చూడండి. గ్యాస్ పైకి లేపేస్తే సందు బాగానే అనిపిస్తుంది గానీ, రోడ్డు మీద ఎవడో అడ్డం వచ్చి మీరు బ్రేక్ మీద ఎగిరి తొక్కిన రోజు షూ అంచు గ్యాస్‌ని కూడా నొక్కుతుంది.

వానలో జారడం సంగతి. మెరుగుపెట్టిన నున్నటి అల్యూమినియం మీద తడి బూటు జారుతుంది, అనుమానం లేదు. పలకకి రంధ్రాలున్నంత మాత్రాన అవి అందానికే, జారకుండా ఆపేది రంధ్రాల లేచిన అంచు, లేదా అందులోంచి పొడుచుకొచ్చిన రబ్బరు బుడిపెలు. ఏదో ఒకటి ఉన్నదే కొనండి. రేసింగ్ చేసేవాళ్లలో కొందరు ఇవేవీ లేకుండా స్కేట్‌బోర్డు మీద వేసే గరుకు టేపు అతికించుకుంటారు, చూడ్డానికి బాగోదు గానీ పట్టు బ్రహ్మాండం. అరిగితే పీకి కొత్తది వేసుకోవడమే. మనవాళ్లకి ఇంకో అలవాటుంది, గుడికో గ్రోసరీకో హవాయి చెప్పులు వేసుకుని బండి తీసేస్తాం. మెటల్ పెడల్ అంచుకి ఆ మెత్తటి చెప్పు తగులుకుని మడతపడుతుంది. సీటు వెనక ఒక జత షూ పడేసి ఉంచండి.

వారంటీకి టెన్షన్ పడకండి. ఇక్కడ 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ఉంది. బయట కొన్న భాగం వేశారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం కాదనడానికి లేదు, ఆ భాగం వల్లే ఫలానా లోపం వచ్చిందని వాళ్లు చూపించాలి. గేర్‌బాక్స్ శబ్దం చేస్తోందని వెళితే పెడల్ తొడుగు సాకు పనికిరాదు. కానీ యాక్సిలరేటర్‌కి డ్రిల్లు వేసి, తరవాత దాని సెన్సర్ పాడైందని వెళ్లారనుకోండి, ఆ ఖర్చు మీ నెత్తినే పడుతుంది, అది న్యాయమే. లీజు బండి అయితే బోల్టు రకం జోలికి పోకండి, తొడుగు రకం వేసుకుని తిరిగి ఇచ్చే ముందు పాత రబ్బర్లు ఎక్కించెయ్యండి. వాటిని పారేస్తే మళ్లీ కొనాలి.

మీ బడ్జెట్ ముప్పై డాలర్లే అయితే నా సలహా: ఇప్పుడు పెడల్స్ కొనకండి, గరుకు టేపు వేసి రెండు మూడు ఆటోక్రాస్‌లు నడపండి. 2019 నుంచి మియాటా స్టీరింగ్ ముందుకి వెనక్కి కూడా జరుగుతుంది, చాలామంది దాన్ని ముట్టుకోరు. ముందు క్లచ్ పూర్తిగా తొక్కినా మోకాలు కొంచెం వంగి ఉండేలా సీటు జరుపుకుని, తరవాత స్టీరింగ్‌ని మీ వైపు లాక్కోండి. పెడళ్లు అందడం లేదన్న ఫిర్యాదు సగం అక్కడే తీరిపోతుంది. అప్పటికీ కావాలనిపిస్తే డబ్బు కాస్త ఎక్కువైనా కంపెనీ తొడుగు సెట్ తీసుకోండి. బోల్టు రకమే కావాలనుకుంటే ఏది చూస్తున్నారో ఫొటో పెట్టండి, వెనకవైపు ఫొటో ముఖ్యం.