గగనకుసుమం: లేనిదా, దొరకనిదా?

ప్రశ్న: గగనకుసుమం అంటే ఆకాశంలో పూసిన పువ్వు, అంటే అసలు లేనిది అని చదువుకున్నాను. పత్రికల్లో మాత్రం ‘పేదవాడికి న్యాయం గగనకుసుమమైంది’ వంటి వాక్యాలు కనిపిస్తున్నాయి. ఉండి కూడా దొరకని దాన్ని అలా అనవచ్చా? ఎండమావి అన్నా ఇదే అర్థమా?

జవాబు: మీరు చదువుకున్నదే ఆ మాటకు మూలార్థం. ఖపుష్పమని కూడా వ్యవహరించే ఈ గగనకుసుమాన్ని, కుందేటి కొమ్ము, గొడ్రాలి కొడుకు వంటి వాటి సరసన చేర్చి, ఏ కాలంలోనూ లేని వస్తువుకు ఉదాహరణగా శాస్త్రకారులు చూపుతూ వచ్చారు. ఇందులో నాకెంతో ఇష్టమైన సొగసు ఒకటుంది. గగనమూ ఉంది, కుసుమమూ ఉంది. లేనిదల్లా ఆ రెంటికీ సంబంధమే. బొత్తిగా లేని దాన్ని చెప్పడానికి కూడా భాష ఉన్నవాటినే ఆశ్రయించవలసి వచ్చింది.

ఎండమావి అలాంటిది కాదు. అది కంటికి కనబడి, దప్పిగొన్నవాణ్ణి తన వెంట నడిపించి, దగ్గరకు వెళ్లాక నీరు కాదని తేలుతుంది. తాడును చూసి పామనుకోవడం, ముత్యపుచిప్పను చూసి వెండి అనుకోవడం ఈ కోవలోవే. ఇలా తోచి, నిజం తెలిశాక నిలవని దాన్ని అద్వైతులు మిథ్య అన్నారు. గగనకుసుమం ఎవరికీ ఎన్నడూ తోచనిది కనుక దాన్ని తుచ్ఛం అన్నారు (ఇక్కడ తుచ్ఛమంటే నీచమని కాదు, శూన్యమని). భర్తృహరి సుభాషితానికి ఏనుగు లక్ష్మణకవి చేసిన తెలుగు పద్యంలో మృగతృష్ణ (ఎండమావి), కుందేటి కొమ్ము వెంటవెంటనే వస్తాయి. అక్కడ చెప్పదలచింది అసాధ్యత మాత్రమే కాబట్టి కవికి ఈ భేదంతో పని పడలేదు.

పత్రికల ప్రయోగమూ ఆ అసాధ్యత నుంచి వచ్చిందే. ఎంత ప్రయత్నించినా అందనిది ఆ మనిషి పాలిట లేనిదానితో సమానమన్న అతిశయోక్తి అందులో ఉంది. వాడుకలో స్థిరపడిన దాన్ని నేను తప్పనను. అయితే కాస్త శ్రమపడితే దొరికేదానికల్లా ఈ మాట వాడితే దాని పదును పోతుంది. ఇస్తామని ఆశ చూపి, వాయిదాల మీద వాయిదాలు వేసి, చివరికి ఇవ్వని పరిహారాన్ని ఎండమావి అనడమే సరి.

రాసేటప్పుడు గగనకుసుమం అని కలిపి రాయండి. సంస్కృత పదానికి తెలుగు పదాన్ని అతికించిన ‘గగనపువ్వు’ దుష్టసమాసం, తెలుగు మాటే కావాలనుకుంటే ‘మింటిపువ్వు’ అనవచ్చు.