గస్సెట్ గురించి ఒక ఉత్తరం

తమ్ముడూ,

నీ కథ చదివాను. టైలర్ షాపునీ వెల్డింగ్ షెడ్డునీ పక్కపక్కన పెట్టడం బాగుంది. కానీ ‘గస్సెట్’ (బట్టలోనైనా ఇనుములోనైనా కలిసేచోట వేసే చిన్న ముక్క) అనే మాట రాగానే కథ ఆపేసి, దాని పుట్టుక మీద ఒక పేరా రాశావు. ఆ పేరా తీసెయ్. నేర్చుకున్నది మాత్రం దగ్గర పెట్టుకో, అది పనికొస్తుంది.

ఫ్రెంచిలో గుస్ అంటే చిక్కుడు, బఠానీ లాంటి కాయల తొడుగు. గస్సెట్‌కి మూలమైన గుసె అనే మాట దాన్నుంచే వచ్చిందంటాయి నిఘంటువులు. మధ్యయుగాల యూరప్‌లో ఇనప రేకుల కవచానికి చంక దగ్గర రేకు పెట్టడం కుదరదు, పెడితే చెయ్యి లేవదు. అందుకని అక్కడ ఇనప రింగులల్లిన ముక్క వేసేవారు. గస్సెట్ అంటే మొదట అదే. తర్వాత చొక్కాకొచ్చింది. బట్ట వృథా కాకుండా పాత చొక్కాలను దీర్ఘచతురస్రాలు, చదరాలుగా కత్తిరించిన ముక్కలతోనే కుట్టేవారు కాబట్టి, చెయ్యెత్తితే చంకలో పిగిలేది. అక్కడొక చదరపు ముక్క కలిపితే లాగుడు దాని మూల నుంచి మూలకు, అంటే క్రాస్‌లో పడి, బట్ట సాగుతుంది.

ఇనుములో దీని పని తలకిందులు. ట్రస్సులో, అంటే కడ్డీలను త్రికోణాలుగా కలిపిన చట్రంలో, అవి కలిసేచోట వాటిని కదలకుండా పట్టుకునే రేకు గస్సెట్ ప్లేట్. బట్టలో కదలనివ్వడానికి, ఇక్కడ కదలకుండా ఉండటానికి. ముక్క చిన్నదే, బరువంతా దానిమీదే. అమెరికాలోని మినియాపొలిస్ నగరంలో మిసిసిపీ నది మీద 1967లో తెరిచిన వంతెన 2007 ఆగస్టు 1న కూలిపోయి 13 మంది చనిపోయారు. అంగుళం మందం ఉండాల్సిన కొన్ని గస్సెట్ ప్లేట్లు అరంగుళమే ఉన్నాయని విచారణలో తేలింది. డిజైన్‌లోనే తప్పు. ఆ రోజు వంతెన మీద రిపేరు సామాను బరువు కూడా ఉంది.

ఇప్పుడు నీ కథకొద్దాం. నీ టైలర్‌కి ఈ చరిత్రతో పని లేదు. కొలతలిచ్చేవాణ్ణి ఆయన “చేతులు పైకెత్తు బాబూ” అంటే చాలు, చంక దగ్గర ఆయన చూపు ఎందుకాగిందో పాఠకుడికి తెలిసిపోతుంది. వెల్డర్ దగ్గర ఇంకా మంచి అవకాశం వదిలేశావు. పల్చటి ప్లేటు వేసి డబ్బు మిగల్చమని షెడ్డు ఓనరు అడుగుతాడు, ఇతను కుదరదంటాడు. గొడవ అక్కడ పెట్టు. ఆ సీను రాసి పంపు, మిగతాది తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
అన్నయ్య