గెలుపు లక్ష్యంతో సర్ఫింగ్ దిగజారుతోందన్న ప్రశ్నకు సమాధానం

నమస్కారమండీ. పోటీలో గెలవాలని లక్ష్యం పెట్టుకున్నప్పటి నుంచి ఋషికొండలో మీ సర్ఫింగ్ మెరుగుపడకపోగా దిగజారుతోందని రాశారు. లోపం మీ పట్టుదలలో లేదు, లక్ష్యంలో ఉంది. ఏ అల వస్తుందో, ఎదుటివారు ఎలా ఆడతారో మీ చేతిలో ఉండదు. పోటీల్లో సాధారణంగా ఒక్కో అలపై మీ ప్రదర్శనకు పదికి ఇన్ని అని పాయింట్లు వేసి, మీ అత్యుత్తమమైన రెండు అలల పాయింట్లనే కలుపుతారు కాబట్టి, ప్రతి అల వెంటా పడకుండా మంచిదాన్ని ఎంచుకోవడం అలవరచుకోవాలి.

ఈ రెండు వారాలూ ఒక్క లక్ష్యమే పెట్టుకోండి: బోర్డుపై లేచేటప్పుడు చూపును కాళ్ల మీద కాక వెళ్లదలచిన దిక్కున నిలపడం. తల వంగితే బరువు ముందుకు తూలి బోర్డు ముక్కు నీట మునుగుతుంది. పది అలల్లో ఎన్నిసార్లు చూపు నిలిచిందో ఒడ్డుకు రాగానే రాసుకోండి (తడిచేతులతో రాసి రాసి నా నోట్‌బుక్కు అప్పడంలా ఉబ్బిపోయింది). ఆ లెక్క ఏడు దాటాకే తర్వాతి లక్ష్యానికి వెళ్లండి.